మీడియా, కమ్యూనికేషన్ చదువు గురించి అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయంలో మీడియా, కమ్యూనికేషన్ పాఠాలు చెప్పడం నా వృత్తి. ప్రవేశాల సమయంలో ఈ చదువు గురించి ఆరా తీయడానికి వచ్చే విద్యార్థులతో, వారి తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడల్లా కొన్ని అభిప్రాయాలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వాటిని నమ్మి చేరినవారు మొదటి సెమిస్టర్‌లోనే నిరుత్సాహపడటం చూశాను. చేరితే రాణించగలిగినవారు వాటివల్లే వెనుదిరగడమూ చూశాను. అందుకే, నాకు తెలిసినంతలో వాటికి సమాధానం రాస్తున్నాను.

అపోహ: మీడియా ఏం చెబితే జనం అదే నమ్ముతారు, అలా నమ్మించే విద్యనే ఇక్కడ నేర్పుతారు.

వాస్తవం: ఈ శాస్త్రం ఎదిగిందే ఆ నమ్మకాన్ని పరీక్షించే క్రమంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వాలు సాగించిన ప్రచారాన్ని చూసినవారికి, పత్రికలు, సినిమా, రేడియో ప్రజల మనసులను ఎటు కావాలంటే అటు తిప్పగలవన్న భయం కలగడం సహజమే. అయితే 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో సుమారు 600 మంది ఓటర్లను నెలనెలా కలిసి, వారి నిర్ణయం ఎప్పుడు, ఎందువల్ల మారుతోందో నమోదు చేసినప్పుడు, ప్రచారం వల్ల పక్షం మార్చినవారు కొద్దిమందేనని తేలింది. చాలామందిలో అప్పటికే ఉన్న మొగ్గును ప్రచారం గట్టిపరచింది, అంతే. పైగా పత్రికలను, రేడియోను శ్రద్ధగా అనుసరించే పరిచయస్థుల మాట, నేరుగా ఆ మాధ్యమాలు చెప్పినదానికంటే ఎక్కువగా పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు చూపించిన చిత్రాలపై మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ హోవ్‌లాండ్ బృందం చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది: చూసినవారికి యుద్ధం గురించిన వివరాలు బాగానే గుర్తున్నాయి గానీ, పోరాడాలన్న ఉత్సాహంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

అంతమాత్రాన మీడియాకు బలమే లేదనుకోవడం మరో పొరపాటు. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పరిశోధకులు మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా చాపెల్ హిల్ పట్టణంలో, ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని ముఖ్య సమస్యలేమిటని అడిగారు. వారు చెప్పిన ప్రాధాన్య క్రమం, అదే కాలంలో వార్తల్లో ఆయా సమస్యలకు దక్కిన చోటుతో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. 1972లో ప్రచురితమైన ఆ అధ్యయనంతో ఎజెండా సెట్టింగ్ (జనం ఏ సమస్యలను ముఖ్యమనుకుంటారో మీడియా ప్రభావితం చేయడం) అన్న మాట మా రంగంలో స్థిరపడింది. ప్రజల ఆసక్తిని చూసిన తర్వాతే పత్రికలు ఆ వార్తలకు చోటిచ్చి ఉండవచ్చు కదా అని తరగతిలో ఎవరైనా అడిగితే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది, ఎందుకంటే పరిశోధకులు కూడా సరిగ్గా అదే అడిగారు. 1980లలో శాంటో అయ్యంగార్, డొనాల్డ్ కిండర్ టెలివిజన్ వార్తలను మార్చి వేర్వేరు బృందాలకు చూపించి, వార్తల్లో ఎక్కువగా కనిపించిన సమస్యే చూసినవారికి ముఖ్యమైనదిగా తోస్తుందని ప్రయోగపూర్వకంగా నిర్ధారించారు.

ఇక్కడ మా రంగానికి సంబంధించిన ఒక పొరపాటునూ చెప్పాలి. 1938 అక్టోబరు 30న అమెరికాలో అంగారక గ్రహవాసుల దాడిపై ప్రసారమైన రేడియో నాటకం విని దేశమంతా భయంతో వీధుల్లోకి పరుగెత్తిందన్న కథ ఎన్నో పాఠాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రాత్రి 5,000 ఇళ్లతో జరిపిన టెలిఫోన్ సర్వేలో ఆ కార్యక్రమం వింటున్నామన్నవారు 2 శాతం మాత్రమే. భయపడినవారు ఉన్నారు గానీ, దేశం అట్టుడికిపోయిందన్న చిత్రాన్ని గీసినవి మర్నాటి పత్రికలు. పాఠం చెప్పేవారిని కూడా ఆధారం అడగాలని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అపోహ: ఇది తేలికైన చదువు, లెక్కలంటే పడనివారికి సరిపోతుంది.

వాస్తవం: లెక్కల నుంచి తప్పించుకోవడానికి వచ్చినవారికి పరిశోధనా పద్ధతుల పేపర్ కష్టంగానే ఉంటుంది. పత్రికల్లో నేర వార్తలు పెరిగిపోయాయని ఎవరైనా అనవచ్చు. దాన్ని నిరూపించాలంటే కంటెంట్ అనాలిసిస్, అంటే వార్తలను నిర్దిష్ట వర్గాలుగా విభజించి లెక్కించడం, చేయాలి. ఏ తేదీల సంచికలు తీసుకోవాలి, వారంలోని అన్ని రోజులకూ సమాన అవకాశం దక్కిందా, ఏ లక్షణాలను బట్టి ఒక వార్తను నేర వార్తగా గుర్తించాలి అన్నవి ముందే రాసిపెట్టుకోవాలి. ప్రజాప్రతినిధిపై అవినీతి కేసు నమోదైతే అది నేర వార్తా, రాజకీయ వార్తా? ఈ ఒక్క ప్రశ్నపైనే మా తరగతిలో గంటసేపు చర్చ నడుస్తుంది. తర్వాత అవే వార్తలను ఇద్దరు విద్యార్థులు, ఒకరి జవాబు ఒకరు చూడకుండా, కోడింగ్ చేయాలి, అంటే ప్రతి వార్త ఏ వర్గానిదో గుర్తు పెట్టాలి. ఉన్నవి రెండే వర్గాలై, రెండింటినీ సమానంగా వాడితే, వార్త చదవకుండా గుడ్డిగా గుర్తులు పెట్టినా సగం చోట్ల ఇద్దరి జవాబులు కలుస్తాయి. అందువల్ల అలా కాకతాళీయంగా కలిసినవాటిని మినహాయించి లెక్కించే కోహెన్ కప్పా, క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా వంటి కొలతలు నేర్చుకోక తప్పదు. ఇద్దరి జవాబులూ పూర్తిగా కలిస్తే 1 వచ్చే ఈ ఆల్ఫా విలువ 0.80కి తగ్గకూడదని సాధారణంగా ఆశిస్తాం. తగ్గితే నిర్వచనాలు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి ప్రయత్నంలోనే ఆ అంకెను అందుకున్న విద్యార్థి బృందాలను నేను చాలా తక్కువగా చూశాను.

లెక్కకు అందనివీ ఉంటాయి. 'ఇద్దరిని కాల్చి చంపిన పోలీసులు', 'పోలీసు కాల్పుల్లో ఇద్దరి మృతి', 'కాల్పుల్లో ఇద్దరి మృతి' అన్న మూడు శీర్షికలూ ఒకే ఘటనకు పెట్టదగినవే. మొదటిదానిలో కర్తగా ఉన్నవారు రెండోదానిలో కాల్పులకు విశేషణంగా మిగిలారు, మూడోదానిలో కనిపించనే లేదు. శీర్షికకు ఉండే చోటు చిన్నది కాబట్టి సబ్ ఎడిటర్ మాటలు తగ్గించడం మామూలే. తగ్గించిన ప్రతిసారీ ఒకే పక్షం పేరు పోతోందా అన్నది మాత్రం పరిశోధించదగిన ప్రశ్న. దానికి భాషపై పట్టు, వ్యాకరణ జ్ఞానం, వందల శీర్షికలను వరుసగా చదివే ఓపిక కావాలి.

అపోహ: ధారాళంగా మాట్లాడగలిగినవారికే ఈ చదువు.

వాస్తవం: విద్యార్థులు చేసిన ఇంటర్వ్యూల రికార్డింగులు విన్నప్పుడు, ఎక్కువగా మాట్లాడేవారు అవతలివారి జవాబుకు అడ్డుపడటమే తరచుగా గమనించాను. ప్రశ్న వేసి, ఆ తర్వాత మౌనంగా ఉండగలిగినవారికి మంచి సమాచారం దొరుకుతుంది. మితభాషులు నిస్సంకోచంగా చేరవచ్చు.

అపోహ: ఇది విలేకరులు కావడానికి చదివే చదువు మాత్రమే.

వాస్తవం: ఈ చదువుకు రెండు వేర్లున్నాయి. ఒకటి వృత్తి శిక్షణ. 1908లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో మొదలైన జర్నలిజం పాఠశాల దీనికి తొలి నమూనాల్లో ఒకటి. రెండోది సామాజిక శాస్త్ర పరిశోధన. 1940లలో అమెరికాలో విల్బర్ ష్రామ్ వంటి పరిశోధకులు కమ్యూనికేషన్‌కు ప్రత్యేక పరిశోధనా సంస్థలు, డాక్టరేట్ కార్యక్రమాలు ఏర్పాటు చేయడంతో అది విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. మా పూర్వ విద్యార్థులలో విలేకరులు ఉన్నారు. ఆరోగ్య ప్రచారాలు రూపొందించేవారు, వార్తల నిజానిజాలు పరిశీలించేవారు, ప్రేక్షకులపై సర్వేలు చేసేవారు, పాఠాలు చెప్పేవారు కూడా ఉన్నారు.

అపోహ: సోషల్ మీడియా వచ్చాక పాత సిద్ధాంతాలకు కాలం చెల్లింది.

వాస్తవం: పరిశోధకుడు డేవిడ్ మానింగ్ వైట్ 1950లో ప్రచురించిన అధ్యయనం కోసం, ఒక చిన్న పత్రికలో వార్తా సంస్థల కథనాలను ఎంపిక చేసే సంపాదకుడు, తాను పక్కన పెట్టిన ప్రతి కథనంపై ఒక వారంపాటు కారణం రాసిచ్చాడు. వచ్చినవాటిలో పత్రికలోకి చేరినది సుమారు పదో వంతు. మిగిలినవి ఆగిపోవడానికి చోటు చాలకపోవడంతో పాటు ఆయన సొంత ఇష్టాయిష్టాలూ కారణమయ్యాయి. ఇప్పుడు ఆ ఎంపిక చాలావరకు అల్గారిథమ్‌ల చేతికి వెళ్లింది. ఆ సంపాదకుడు కారణాలు కాగితంపై పెట్టాడు; అల్గారిథమ్ దేన్ని ఎందుకు ముందుకు తెచ్చిందో బయటివారికి తెలియదు. గేట్ కీపింగ్ (ఏ వార్త జనానికి చేరాలో, ఏది ఆగాలో ఎంచడం) గురించిన ప్రశ్న ఆనాటికంటే ఈనాడు మరింత అవసరమైందని నా అభిప్రాయం.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా చూడండి. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో సుమారు 30 లక్షల మంది పంచుకున్న, నిజమో అబద్ధమో నిర్ధారణ అయిన వార్తలను వారు పరిశీలిస్తే, నిజాలకంటే అబద్ధాలే దూరంగా, వేగంగా వ్యాపించాయి. యంత్ర ఖాతాలను లెక్కలోంచి తొలగించినా ఆ ఫలితం మారలేదు, ఎందుకంటే అబద్ధాన్ని ఎక్కువగా మోసుకెళ్లినవారు మనుషులే. సందేశం మనిషి నుంచి మనిషికి చేరే తీరుపై ఈరీ కౌంటీలో మొదలైన ఆలోచన తెలియని విద్యార్థికి ఈ ఫలితం వింతగా అనిపిస్తుంది. తెలిసినవారు వెంటనే తర్వాతి ప్రశ్న అడుగుతారు.

అపోహ: పేరు ఒకటే కాబట్టి అన్ని కోర్సులూ ఒకటే, కెమెరాలు, స్టూడియో బాగుంటే చాలు.

వాస్తవం: కొన్ని విభాగాలు నిర్మాణ నైపుణ్యాలకు, కొన్ని సిద్ధాంతానికి, కొన్ని ప్రజాసంబంధాలకు పెద్దపీట వేస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నేళ్లకే మారిపోతుంది, స్టూడియో పరికరాలూ పాతబడతాయి. కాబట్టి స్టూడియో చూసి వచ్చేయకుండా సిలబస్ అడిగి తీసుకుని చదవండి. పరిశోధనా పద్ధతులకు ఎన్ని పేపర్లున్నాయి, చట్టం, నైతికతలకు విడిగా పేపర్ ఉందా, విద్యార్థులే నడిపే పత్రిక గానీ రేడియో గానీ క్రమం తప్పకుండా వస్తోందా, చివరి ఏడాది డిజర్టేషన్ (విద్యార్థి సొంతంగా చేసి రాసే పరిశోధనా వ్యాసం) తప్పనిసరా, దాన్ని దిద్ది వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించే అధ్యాపకులు ఎందరున్నారు అన్నవి అడగండి. వీలైతే గత ఏడాది విద్యార్థులు సమర్పించిన ఒక డిజర్టేషన్ చూపించమనండి.