నేల మీద నుంచి లేవగలరా? బరువుల వ్యాయామంపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో కొత్తవారికి బరువుల వ్యాయామం నేర్పడం నా పని. మెషీన్ మంచిదా, డంబెల్ మంచిదా అని చేరిన రోజే అడుగుతారు. జవాబు చెప్పే ముందు, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని, చేతులు ఆన్చకుండా లేవమంటాను. చాలామంది ముఖం అక్కడే మారిపోతుంది.

అపోహ: పెద్ద బరువులు ఎత్తితేనే ఫలితం.

వాస్తవం: ఇంకొక్కసారి కూడా ఎత్తలేననిపించే దాకా చేస్తే తేలిక బరువుతోనూ కండ దాదాపు అంతే పెరుగుతుంది. గరిష్ఠ బలం మాత్రం భారీ బరువులతోనే ఎక్కువ వస్తుంది. ఊళ్లో గుండు ఎత్తే పందేనికి దిగేవారికి అది కావాలి. 25 కిలోల బియ్యం మూటను గడప దాటించడానికి అంత అక్కరలేదు. పైగా మొదటి వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాల చలవే: ఉన్న కండను వాడుకోవడం అవి నేర్చుకుంటాయి. అద్దంలో తేడా కనిపించకముందే బస్సు మెట్టు తేలికవుతుంది.

అపోహ: మెషీన్ మీద కాళ్లకు బలం వస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

వాస్తవం: ఇది ఒకప్పుడు నేనూ నమ్మాను. యాభై దాటిన ఒకామెతో రెండు నెలలు లెగ్ ప్రెస్ (కూర్చుని కాళ్లతో బరువును నెట్టే మెషీన్) చేయించాను. ఆమె నెట్టగలిగే బరువు బాగా పెరిగింది. ఇంట్లో నేల మీద నుంచి లేవడానికి మాత్రం ఇంకా గోడే ఆధారం. దేని మీద సాధన చేస్తే బలం దానిలోనే ఎక్కువగా కనిపిస్తుందన్న మొదటి పాఠం నేనే మరిచాను. అప్పుడు కుర్చీ మీద నుంచి లేవడం, తర్వాత స్టూలు, ఆ తర్వాత పీట, చివరికి నేల. వరలక్ష్మీ వ్రతం నాడు ఎవరి చేయీ పట్టుకోకుండా లేచానని ఫోను చేసింది. జీవన నాణ్యతను కొలవడానికి పరిశోధకులు తరచుగా వాడే ఎస్ఎఫ్-36 ప్రశ్నావళి కూడా కండ చుట్టుకొలత అడగదు. సరుకుల సంచి మోయగలరా, మెట్లెక్కగలరా, వంగగలరా, నొప్పి ఎంత, ఉత్సాహం ఎంత అని అడుగుతుంది.

అలాగని మెషీన్లను తీసిపారేయను. బరువు దారి తప్పదు కాబట్టి భయపడేవారికి మొదటి నెల అవే మేలు.

అపోహ: అరవై దాటాక కండకు బలం రాదు.

వాస్తవం: సగటున తొంభై ఏళ్ల వృద్ధులతో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 1990లో వెలువడింది. 8 వారాల శిక్షణ పూర్తిచేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

అపోహ: రోజూ చేయాలి.

వాస్తవం: పెద్ద కండరాలన్నిటికీ వారానికి కనీసం 2 రోజులని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఉదయం ఏడులోపే ముగించండి. బీపీ ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకుని రండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు.