అపోహలు - వాస్తవాలు: మట్టి లేని స్ట్రాబెర్రీకి ఎండ తగలదా?

ఆగస్టు వచ్చిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. "అన్నా, లంబసింగిలో స్ట్రాబెర్రీ పండిస్తున్నారు కదా, మనం శంకర్‌పల్లిలో హైడ్రోపోనిక్స్ పెట్టేద్దాం. మట్టితో పనే లేదంట!" హైడ్రోపోనిక్స్ అంటే పోషకాలు కలిపిన నీళ్లతో మొక్కను పెంచడం, కాబట్టి మట్టితో పని లేదు, నిజమే. చలి మాటేమిటి తమ్ముడూ?

అపోహ: హైడ్రోపోనిక్స్ అయితే ఎక్కడైనా, ఏ కాలంలోనైనా పండుతుంది.

జనాన్ని అప్పుల్లోకి దింపేది ఇదే. వింటర్ డాన్, స్వీట్ చార్లీ లాంటి స్ట్రాబెర్రీ రకాలకు పగటి పొద్దు తగ్గాలి, రాత్రి చల్లబడాలి, అప్పుడే పూత. పగలు 20–25, రాత్రి 10–15 డిగ్రీలుంటే వాటికి హాయి. మహారాష్ట్ర కొండల్లోని మహాబలేశ్వర్ రైతుకు ఆ చల్లదనం కొండ ఊరికే ఇస్తుంది. మనం కరెంటు బిల్లు కట్టి కొనుక్కోవాలి. పైగా మిట్టమధ్యాహ్నం పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు) లోపల బయటికంటే వేడి.

అసలు గండం వేళ్ల దగ్గర. మట్టి బెడ్డు మెల్లగా వేడెక్కుతుంది. ఎన్‌ఎఫ్‌టీ (వేళ్లను తాకుతూ పోషకాల నీళ్లు పల్చగా పారే పద్ధతి) పైపులో నీళ్లు చూస్తుండగానే కాగిపోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకుళ్లు తెచ్చే పిథియం అనే బూజు దిగుతుంది.

మొదటి ఏడాది నేనూ ఈ దెబ్బ తిన్నవాణ్నే. నల్ల ట్యాంకు తెచ్చి డాబా మీద ఎండలో పెట్టాను, అదీ నా తెలివి. ఫిబ్రవరి చివర్లో మొక్కలు మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి లేచేవి. నీళ్లు చాలట్లేదేమోనని పంపు టైము పెంచాను. నాలుగో రోజు ఒక మొక్క పీకితే వేళ్లు టీ డికాషన్ రంగు. వేలితో పట్టి లాగితే పైతోలు ఊడొచ్చి లోపలి దారం మిగిలింది. ట్యాంకులో చెయ్యి పెడితే స్నానానికి తోడిన నీళ్లలా ఉంది. 600 మొక్కలు పోయాయి.

అపోహ: బోరు నీళ్లు చాలు, పోషకాలు మనమే కలుపుతాం కదా.

స్ట్రాబెర్రీకి ఉప్పు అస్సలు పడదు. ద్రావణం ఈసీ, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత, 1.0–1.5 మధ్య ఉంటే చాలు. మీ బోరు నీళ్లే 1.2 చూపిస్తే ఎరువుకు చోటెక్కడ? మొన్న ఒకతను ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు, లేత ఆకుల అంచులు మాడిపోతున్నాయని. ఎవరో వైరస్ అన్నారట, పీకేయమన్నారట. బంగారం కుదువపెట్టి వేసిన పంట, నిద్రెలా పడుతుంది? ఈసీ మీటరు ఫొటో పంపమన్నాను. 2.4! ఆకు మాడేకొద్దీ ఎరువు పెంచుతూ పోయాడు పాపం. ఆర్‌వో నీళ్లతో ఈసీ దించాక రెండు వారాల్లో కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది.

మిగతావి గబగబా. హైడ్రోపోనిక్ పండు "కెమికల్" పండు కాదు, యూరియా వేసినా పశువుల ఎరువు వేసినా వేరు ఎక్కువగా పీల్చేది అదే నైట్రేటు. తీపి రకాన్ని బట్టి, రాత్రి చలిని బట్టి ఉంటుంది. సగం ఎరుపులో కోస్తే ఎందులో పెంచినా పులుపే, కోశాక తీపెక్కదు. నెట్ కట్టి తేనెటీగల్ని ఆపేస్తే కాయలు వంకర తిరుగుతాయి, అది తెగులు కాదు. కరెంటు నమ్మకం లేని ఊళ్లో ఎన్‌ఎఫ్‌టీ జోలికి పోకండి, కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) బ్యాగులు కొన్ని గంటలైనా తడి నిలుపుతాయి.

వచ్చే సీజన్‌కి నాకు ఫోన్ చేసేవాళ్లు ముందు ఒక పని చేయండి. బకెట్‌లో నీళ్లు పోసి, షెడ్డు పెట్టాలనుకున్న చోటే ఉంచండి. మార్చిలో మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు ముంచి చూడండి. ఎకరాలెన్నో తర్వాత, ముందు ఆ అంకె చెప్పండి.