మోకాలు ఎటు వాలుతోంది?

మా మేనకోడలు గుంటూరులో వాలీబాల్ ఆడుతుంది. పోయినేడు వేసవిలో స్మాష్ కొట్టి కిందికి దిగుతుంటే మోకాలు టక్కుమంది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. స్కాన్ తీస్తే ఏసీఎల్ తెగిందన్నారు. తొడ ఎముకనీ కింది ఎముకనీ మోకాలి లోపల పట్టి ఉంచే లిగమెంట్ అది. “ఆడపిల్లల మోకాళ్లు అంతేలెండి” అన్నాడు గ్రౌండ్‌లో ఒకాయన.

ఆ మాట సగం నిజం. గెంతుతూ, చటుక్కున మలుపులు తిరుగుతూ ఆడే ఆటల్లో ఈ లిగమెంట్ తెగడం మగవాళ్లకంటే ఆడవాళ్లలో 2 నుంచి 8 రెట్లు ఎక్కువని లెక్కలున్నాయి. కారణమేమిటంటే ముందుగా తుంటి ఎముకల వెడల్పు, తర్వాత హార్మోన్ల పేరు చెబుతారు. మరి చిన్నప్పటి నుంచి “ఆడపిల్లకు బరువులెందుకు” అని జిమ్ వైపు పోనివ్వకపోవడం? పరిశోధకులు ఆడా మగా అని మాత్రమే రాసుకుని, ఎన్నేళ్లు కండ పెంచారో రాసుకోకపోతే, నేరమంతా తుంటి మీదే పడుతుంది.

అసలు ఆడవాళ్లను పరీక్షించిందే తక్కువ. 2014 నుంచి 2020 వరకు ఆరు క్రీడా విజ్ఞాన పత్రికల్లో వచ్చిన 5,261 అధ్యయనాలను లెక్కేస్తే, పాల్గొన్నవాళ్లలో ఆడవాళ్లు 34 శాతం. కేవలం ఆడవాళ్ల మీద చేసినవి 6 శాతమే. నెలసరితో హార్మోన్లు మారతాయి, లెక్క చిక్కుపడుతుందనేది పాత సాకు. మగవాళ్ల టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. దాన్నెవరూ చిక్కు అనలేదు!

పోనీ ఇద్దర్నీ కలిపి సగటు తీస్తే సరిపోతుందా? అన్న చెప్పు తొమ్మిదో నంబరు, చెల్లిది అయిదు. సగటున ఏడో నంబరు కొంటే ఇద్దరికీ పట్టదు. ఫలితాలు విడివిడిగా చూడాల్సిందే.

అలా అమ్మాయిలను విడిగా చూసినప్పుడే పనికొచ్చే సంగతి ఒకటి బయటపడింది. దూకి దిగేటప్పుడు చాలామంది మోకాలు సరిగా వంచరు, పైగా అది లోపలికి వాలుతుంది. దిగే తీరు నేర్పి, తొడ వెనక కండ పెంచే వార్మప్ క్రమం తప్పకుండా చేయిస్తే గాయాలు సగం దాకా తగ్గాయి. తుంటి వెడల్పు మార్చలేం కానీ, దిగే తీరు మార్చొచ్చు.

ఇప్పుడు మేనకోడలు రోజూ చిన్న స్టూలు మీంచి దూకుతోంది. నేను ఎదురుగా కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తాను. నిన్నటి వీడియో ఆపి ఆపి చూశాం. ఆపరేషన్ అయిన కుడి మోకాలు నిటారుగానే ఉంది. ఎడమదే లోపలికి వాలుతోంది.