పది గ్రాములకు వంగే పోగు

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అరికాల్లో గాజుపెంకు కనబడి, "గుచ్చుకున్నప్పుడు తెలియలేదేం?" అని ఆశ్చర్యపోయేవాళ్లలో షుగరున్నవాళ్లు ఉంటే, అలసట అనుకుని ఊరుకోకూడదు. అరికాళ్లు మండుతున్నాయి కాబట్టి స్పర్శ బాగానే ఉందనుకోవడమూ పొరపాటే. మంటా మొద్దుబారడమూ ఒకే పాదంలో ఉండొచ్చు. వేడి చేసిందని మజ్జిగ తాగి సరిపెట్టుకుంటే ఆ సంగతి బయటపడదు.

అరికాల్లో స్పర్శ ఉందో లేదో తేల్చే పరీక్షకు కావలసింది ఒక నైలాన్ పోగు. వేలితో నొక్కితే ఒక్కొక్కరి బలం ఒక్కోలా ఉంటుంది. పోగుకి ఆ తేడా లేదు. చర్మానికి నిలువుగా ఆనించి నొక్కుతూ పోతే, 10 గ్రాముల బరువంత బలం రాగానే విల్లులా వంగిపోతుంది. ఆపైన ఎంత నొక్కినా వంపు పెరుగుతుందే గాని చర్మం మీద బలం దాదాపు పెరగదు. 19వ శతాబ్దం చివర్లో మాక్స్ ఫాన్ ఫ్రే అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఇదే కిటుకును గుర్రపు వెంట్రుకలతో వాడాడు. మందం రెట్టింపైతే వంగడానికి 16 రెట్ల బలం కావాలి. పొడవు సగమైతే 4 రెట్లు. అందుకే కొస విరిగిన పోగు పనికిరాదు.

చర్మం సొట్టపడగానే నరం కొసలో పొర సాగుతుంది. ఆ పొరలో పీజో2 అనే ప్రోటీను మూడు రెక్కల ఫ్యానులా, రెక్కలు వంపు తిరిగి కూర్చుని ఉంటుంది. పొర సాగితే రెక్కలు చదునవుతాయి, నడిమి రంధ్రం తెరుచుకుంటుంది, సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూకుతాయి. సంకేతం బయలుదేరింది! 2010లో పీజోలను బయటపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పాఠాల్లో చర్మంలోని స్పర్శ గ్రాహకాలకు మైస్నర్, మెర్కెల్ అని పేర్లు బట్టీ పట్టిస్తారు గాని వాటి తేడా చొక్కాతోనే చెప్పొచ్చు. తొడుక్కున్న క్షణం తెలుస్తుంది, కాసేపటికి ధ్యాసే ఉండదు. మైస్నర్ కణికలు తాకినప్పుడు, వదిలినప్పుడు పలుకుతాయి, మధ్యలో ఊరుకుంటాయి. మెర్కెల్ కణాల దగ్గరి నరాలు నొక్కి ఉన్నంతసేపూ పలుకుతుంటాయి.

ఇక పరీక్ష. ముందు ముంజేతి మీద ఆనించి ఎలా ఉంటుందో తెలియజెప్పాలి. తర్వాత కళ్లు మూసుకోమని బొటనవేలి కింద, బొటనవేలు, చిటికెనవేళ్ల మొదళ్ల దగ్గరి మెత్తల మీద, పోగు వంగేదాకా, ఒకటి రెండు సెకన్లు. ఒక్కో చోట తెలిసిందా అని మూడుసార్లు అడగాలి, అందులో ఒకసారి ఆనించకుండానే. రెండు జవాబులు సరిగ్గా వస్తే చాలు, అక్కడ స్పర్శ ఉన్నట్టే. పోగు జారితే అదనపు స్పర్శ తోడై లెక్క తప్పుతుంది. ఆనెకాయల మీద పెట్టకూడదు, ఆ గట్టి చర్మం కింద ఎవరికీ సరిగా తెలియదు.

విశాఖలో ఇంకో చిక్కుంది. నైలాన్ గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది. సముద్రపు గాలి తగిలే గదిలో మూత లేకుండా వదిలేసిన పోగు 10 గ్రాముల లోపే వంగి, స్పర్శ బాగున్నవాళ్లకీ పోయిందని చూపించవచ్చు. పది మందికి వాడాక దానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి.