మిథైల్ గుర్తు ముందా, ప్రొటీన్ ముందా?

ఉమ్మి నమూనా పంపితే అందులోని డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను చదివి మీ ‘జీవ వయసు’, అంటే శరీరం ఎంత ముదిరిందో, చెబుతామని, ఫలానా సప్లిమెంట్ వాడితే ఆగిపోయిన జన్యువులు మళ్లీ పనిచేస్తాయని ఆన్‌లైన్‌లో ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటితో డీఎన్‌ఏ మిథైలేషన్ మీద పాత వాదన మళ్లీ లేచింది. డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ మీద చిన్న మిథైల్ సమూహం చేరుతుంది, జన్యువు ఆగిపోతుంది: ఇంతవరకు కాలేజీలో చదువుకున్నదే. కానీ జన్యువును ఆపేది ఆ గుర్తేనా, లేక అప్పటికే ఆగిన జన్యువు మీదికి తర్వాత వచ్చి చేరుతోందా? గొడవంతా ఇక్కడే.

ఈ ప్రశ్నను మలుపు తిప్పింది 2011లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చిన పరిశోధన. డిర్క్ షూబెలర్ బృందం ఎలుక పిండ మూలకణాల్లో మిథైలేషన్ ఎక్కడెక్కడ ఉందో డీఎన్‌ఏ మొత్తం మీద చదివింది. చాలాచోట్ల మిథైలేషన్ నిండుగా ఉంది. మధ్యమధ్యలో, జన్యువుల ఆరంభానికి దూరంగా, సగటున 30 శాతం మాత్రమే ఉన్న చిన్న చిన్న ప్రాంతాలు బయటపడ్డాయి. వాటి మీద ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే జన్యువు ఎప్పుడు ఎంత పనిచేయాలో నిర్ణయించే ప్రొటీన్లు, కూర్చుని ఉన్నాయి. రెస్ట్ అనే ప్రొటీన్ లేని కణాల్లో, అది కూర్చోవాల్సిన చోట్ల మిథైలేషన్ పెరిగింది. ఆ ప్రొటీన్‌ను తిరిగి ఇస్తే తగ్గింది. నలుగురూ నడిచే దారిలో గడ్డి మొలవనట్టే, ప్రొటీన్ ఆనుకుని ఉండే చోట మిథైల్ గుర్తు నిలవడం లేదు. అంటే ఇలాంటి చోట్ల గుర్తు కారణం కాదు, ఫలితం.

నిజానికి మిథైలేషన్ ప్రభావం ప్రొటీన్‌ను బట్టి మారుతుందన్న సూచన 1988లోనే అందింది. అడినోవైరస్‌లోని ఒక ముఖ్యమైన ప్రమోటర్‌ను, అంటే జన్యువును మొదలుపెట్టే డీఎన్‌ఏ భాగాన్ని, పట్టుకునే ప్రొటీన్‌ను మిథైలేషన్ అడ్డుకుంటుందని ఆ ఏడాది ఒక పరిశోధన చూపింది. ఎస్‌పీ1 అనే ప్రొటీన్‌కు మాత్రం మిథైలేషన్ అడ్డే కాదని, అది మామూలుగానే అతుక్కుని జన్యువును నడిపిస్తుందని అదే ఏడాది మరో పరిశోధన తేల్చింది. మొదటిది పాఠమైపోయింది. రెండోదాన్ని మినహాయింపుగా పక్కన పెట్టేశారు. 2017లో యూసి టైపాలె బృందం 542 మానవ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లను పరీక్షించాక ‘మినహాయింపు’ అన్న మాటకు చోటు లేకుండా పోయింది. కొన్ని కుటుంబాల ప్రొటీన్లు మిథైలేషన్ ఉంటే దూరం జరుగుతాయి. హోమియోడొమైన్ రకంలో చాలావాటికి మిథైలేషన్ ఉన్న డీఎన్‌ఏ అంటేనే ఇష్టం.

మరి అడ్డు పడిన చోట ఏం జరుగుతోంది? 2015లో బాసెల్ బృందమే మిథైలేషన్ చేసే ఎంజైములు మూడూ తీసేసిన కణాలను చూసింది. ఎన్‌ఆర్‌ఎఫ్1 అనే ప్రొటీన్ కొత్త కొత్త చోట్లకు వెళ్లి అతుక్కుంది. ఎంజైములను తిరిగి ఇస్తే అక్కడ మిథైలేషన్ వచ్చి ఎన్‌ఆర్‌ఎఫ్1ను తరిమేసింది. అంటే మిథైలేషన్ నిజంగానే ఆపగలదు. అయితే మామూలు కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్1 కూర్చున్న చోట మిథైలేషన్ ఎందుకు లేదు? పక్కనే మిథైలేషన్‌కు జంకని మరో ప్రొటీన్ ఉండి, ఆ చోటును ఖాళీగా ఉంచుతోంది కాబట్టి. ఆ పొరుగు ప్రొటీన్‌ను తీసేస్తే మిథైలేషన్ పెరిగింది, ఎన్‌ఆర్‌ఎఫ్1 వెళ్లిపోయింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. గుర్తు ఒక్కదాన్నే చూసి జన్యువు గురించి తీర్పు చెప్పలేం. అక్కడికి ఏ ప్రొటీన్ వస్తుంది, దానికి పొరుగున ఎవరున్నారు అన్నది తెలియాలి.

మిథైలేషనే కారణమనే వాళ్లకూ బలమైన ఆధారాలున్నాయి. తల్లి నుంచి వచ్చిన ఐజీఎఫ్2 జన్యువు మూగగా ఉండటం, తండ్రి నుంచి వచ్చింది పనిచేయడం వెనుక, ఆ జన్యువును పనిచేయనివ్వని సీటీసీఎఫ్ ప్రొటీన్‌ను తండ్రి ప్రతి మీద మిథైలేషన్ అడ్డుకోవడం ఉందని 2000లో తేలింది. 2018లో రుడాల్ఫ్ యేనిష్ బృందం బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బున్నవారి కణాల్లో ఎఫ్‌ఎంఆర్1 జన్యువు దగ్గర మాత్రమే మిథైలేషన్‌ను తొలగించి, ఆ జన్యువును మేల్కొలిపింది. వాదించడానికి వీల్లేని ప్రయోగమది. కానీ అక్కడ ఏ జన్యువు, ఏ చోటు అన్నది ముందే తెలుసు. ఆ చోటుకే గురిపెట్టేలా క్రిస్పర్ అనే, డీఎన్‌ఏలో ఎంచుకున్న చోటికి చేరే పనిముట్టును తయారు చేసుకున్నారు.

అమ్మకానికి వచ్చిన ‘జీవ వయసు’ టెస్టుల సంగతి వేరు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన 2013 నాటి స్టీవ్ హోర్వాత్ లెక్క 353 చోట్ల మిథైలేషన్‌ను చూస్తుంది. వయసుతో కలిపి గణితపరంగా సరిపోయే చోట్లు కాబట్టే వాటిని ఎంచుకున్నారు, అక్కడ ఏ ప్రొటీన్ కూర్చుంటుందో చూసి కాదు. వయసును అంచనా వేయడానికి అది చాలు. ఆ అంకెను తగ్గిస్తే ఆగిన జన్యువు పనిలోకి వస్తుందనడానికి మాత్రం అది ఆధారం కాదు. మిథైలేషన్‌ను తగ్గించే మందు లేకపోలేదు. ఎముక మజ్జ జబ్బు ఎండీఎస్‌కు 2004లో అమెరికాలో అనుమతి పొందిన అజాసిటిడిన్ ఆ పని చేస్తుంది. అయితే అది ఒక జన్యువును ఎంచుకోదు. డీఎన్‌ఏ అంతటా మిథైలేషన్‌ను తగ్గిస్తుంది, రక్తకణాల సంఖ్యనూ పడగొడుతుంది. అందుకే దాన్ని డాక్టర్ల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేసుకుంటూ ఇస్తారు.