అంతరిక్ష రేడియో పరికరాల కాలిబ్రేషన్: అపోహలు, అసలు సంగతులు

కైలాసగిరి మీదున్న గోళం చూపించి "నువ్వు పనిచేసేది దాంట్లోనేనా?" అని అడుగుతారు మా చుట్టాలు. అది వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్. తనే తరంగాలు పంపి, మబ్బులకు తగిలి వెనక్కి వచ్చినవి పట్టుకుంటుంది. రేడియో టెలిస్కోపు ఏమీ పంపదు, ఆకాశం నుంచి వచ్చిందే తీసుకుంటుంది. అలా వచ్చినదాన్ని సరైన కొలతగా మార్చడమే కాలిబ్రేషన్. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ నేను రుషికొండలో కూర్చుని రాస్తాను.

అపోహ: టెలిస్కోపు నేల మీదే పెట్టుకోవచ్చుగా!

చాలావాటికి నేల సరిపోతుంది. కానీ అంతరిక్షంలోని నీటి నుంచి 557 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చే సంకేతాన్ని మన గాలిలోని ఆవిరే మింగేస్తుంది. వైజాగ్ ఉక్కపోతలో ఉండేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. హెర్షెల్ అనే అంతరిక్ష టెలిస్కోపులో హైఫై (HIFI) అనే రిసీవర్ పరికరాన్ని పైకి పంపింది ఇలాంటివి చూడటానికే.

అపోహ: ఉపగ్రహాన్ని ప్రయోగించే ముందు ల్యాబ్‌లో ఒకసారి కాలిబ్రేట్ చేస్తే చాలు.

మధురవాడ ఇంజినీరింగ్ పిల్లలు కూడా ఇదే అనుకుంటారు. రిసీవర్ ఇచ్చేది వోల్టులు, మనకు కావాల్సింది కెల్విన్లు, ఎందుకంటే సంకేతం బలాన్ని మేం ఉష్ణోగ్రతగానే చెబుతాం. పైగా యాంప్లిఫయర్ గెయిన్, అంటే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, ఉష్ణోగ్రతను బట్టి మారుతూనే ఉంటుంది. తెలిసిన వస్తువుతో మాటిమాటికీ పోల్చకపోతే, ఫిషింగ్ హార్బర్‌లో రాళ్లు లేని తక్కెడతో వంజరం తూచినట్టే. హైఫై లోపల అందుకే సుమారు 100 కెల్విన్లది ఒకటి, 10 కెల్విన్లది ఒకటి, ఉష్ణోగ్రత ముందే తెలిసిన రెండు లోడ్లు (పోల్చుకోవడానికి పెట్టే వస్తువులు) పెట్టారు.

ప్లాంక్ ఉపగ్రహం ఏకంగా ఆకాశాన్నే తూకపు రాయిగా వాడుకుంది. సౌర కుటుంబం సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో పోతుండటం వల్ల విశ్వ నేపథ్య వికిరణం (విశ్వం పుట్టిన తొలినాళ్ల నుంచి ఆకాశమంతా మిగిలి ఉన్న వెలుగు, ప్లాంక్ కొలిచింది దాన్నే) ముందువైపు 3.36 మిల్లీకెల్విన్లు వేడిగా, వెనకవైపు అంతే చల్లగా కనిపిస్తుంది. ప్లాంక్ నిమిషానికో చుట్టు తిరిగేది కాబట్టి డేటాలో నిమిషానికో అల పడేది. దాని ఎత్తు ఎన్ని వోల్టులో చూస్తే గెయిన్ తేలిపోతుంది. అయితే ఆ 3.36 కూడా ఎవరో కొలిచిందే, దాంట్లో తేడా ఉంటే మనకూ అంటుకుంటుంది. అందుకని తర్వాత ఉపగ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే వేగాన్ని ఆధారం చేసుకున్నారు. అది తెచ్చే మార్పు సుమారు పావు మిల్లీకెల్వినే, కానీ ఆ వేగం కక్ష్య లెక్కల్లో పక్కాగా తెలుసు. నన్నడిగితే ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఉపాయం లేదు.

అపోహ: మానిటరింగ్ అంటే స్క్రీన్ మీద ఎరుపు కనబడగానే పరిగెత్తడం.

ప్లాంక్ భూమితో మాట్లాడేదే రోజుకు సుమారు 3 గంటలు. మిగతా సమయంలో డేటాను లోపలే దాచుకునేది. ఉష్ణోగ్రత, వోల్టేజీ లాంటి రీడింగుల్లో లిమిట్లు దాటినవి సాఫ్ట్‌వేరే చెబుతుంది. టెన్షన్ పెట్టేవి లిమిట్ లోపల నిదానంగా ఊగేవి. ప్లాంక్ గ్రాఫుల్లో ఎలక్ట్రానిక్స్ ఉష్ణోగ్రత రోజుకోసారి లేచి పడేది. భూమితో మాట్లాడే ట్రాన్స్‌పాండర్‌ను రోజూ ఆన్ చేసి ఆపడమే కారణం. 2010 మొదట్లో దాన్ని ఆపకుండా ఉంచేశారు, ఊగడం బాగా తగ్గింది.

అపోహ: చెడ్డ డేటా తీసి పారేస్తారు.

పారేయం, ఫ్లాగ్ పెడతాం, అంటే ఇది అనుమానం అని గుర్తు పెట్టి ఉంచుతాం. ప్లాంక్ 2013లోనే ఆగిపోయినా, మెరుగుపరిచిన కాలిబ్రేషన్‌తో దాని ఆకాశ మ్యాపులు 2015లో, 2018లో మళ్లీ విడుదలయ్యాయి. మా టీములోనూ ముడి ఫైళ్లు మార్చే అనుమతి ఎవరికీ లేదు, నాకు కూడా.