శ్రీలంక దివాలా: అపోహలు, వాస్తవాలు

2022 ఏప్రిల్ 12న శ్రీలంక తన విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం అప్పు కట్టలేనని చేతులెత్తేయడం అదే మొదటిసారి. అప్పటి నుంచి మన దగ్గర ప్రభుత్వ అప్పుల మీద ఏ చర్చ మొదలైనా శ్రీలంక పేరు రాక మానదు. అక్కడ జరిగిందేమిటో చెప్పేటప్పుడు మాత్రం సగం సగం కారణాలే వినిపిస్తున్నాయి. ఖజానా లెక్కలు చూసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. జబ్బు తప్పుగా పోల్చుకుంటే మందూ తప్పుతుంది.

అపోహ: చైనా అప్పుల ఉచ్చులో పడింది

2021 చివర్లో శ్రీలంక ప్రభుత్వ విదేశీ అప్పులో చైనా వాటా, ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన రుణాలు కూడా కలిపితే, సుమారు ఐదో వంతు. మూడో వంతుకు పైగా అప్పు అంతర్జాతీయ సావరిన్ బాండ్లది. అంటే విదేశీ మార్కెట్లో డాలర్లలో ఎత్తిన అప్పు.

ఆ దారి ఎందుకు పట్టిందో చూడాలి. ఒకప్పుడు శ్రీలంకకు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ), జపాన్ తక్కువ వడ్డీకి, చాలా దీర్ఘకాలానికి అప్పులిచ్చేవి. తలసరి ఆదాయం పెరిగి మధ్యాదాయ దేశం అయ్యాక అలాంటి చౌక రుణాలు తగ్గిపోతాయి. ఎదుగుతున్న ప్రతి దేశానికీ ఈ మలుపు వస్తుంది. శ్రీలంక 2007 అక్టోబరులో తొలి సావరిన్ బాండు అమ్మింది: 50 కోట్ల డాలర్లు, గడువు 5 ఏళ్లు, వడ్డీ 8.25 శాతం. మన ఇంటి రుణంలా ఇందులో అసలు నెలనెలా తీరదు. గడువు రోజున మొత్తం అసలు ఒకేసారి, డాలర్లలో కట్టాలి. అందుకని పాత బాండు తీర్చడానికి కొత్త బాండు అమ్ముతూ పోతారు. మార్కెట్ నమ్మినంతకాలం ఇది నడుస్తుంది.

హంబన్‌టోట రేవును అప్పు కింద చైనా జప్తు చేసుకుందనే మాటా నిజం కాదు. 2017లో చైనా మర్చంట్స్ సంస్థకు 99 ఏళ్ల లీజు ఇచ్చినందుకు 112 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో రేవు అప్పు మాఫీ కాలేదు. డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి చేరాయి, రేవు కోసం చైనా ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చిన రుణం ఖజానా నెత్తిన అలాగే ఉండిపోయింది. అలాగని చైనా రుణాలు నిర్దోషమైనవని కాదు. మత్తల విమానాశ్రయం లాంటివి డాలర్లలో అప్పు తెచ్చి కట్టారు, అవి డాలర్లు సంపాదించలేదు. ప్రాజెక్టు మంజూరు చేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అపోహ: పన్నులు తగ్గిస్తే వ్యాపారం పెరిగి, ఆదాయం దానంతటదే వస్తుంది

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. గోటబయ రాజపక్స పన్నులు తగ్గిస్తానన్న హామీతో 2019 నవంబరులో అధ్యక్షుడిగా గెలిచారు. వెంటనే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించారు. వ్యాట్ నమోదుకు టర్నోవర్ పరిమితిని ఏడాదికి 1.2 కోట్ల నుంచి 30 కోట్ల శ్రీలంక రూపాయలకు పెంచారు. జీతంలోంచే ఆదాయ పన్ను కోసుకునే పద్ధతినీ ఎత్తేశారు. రేటు తగ్గింపు కంటే ఈ చివరి రెండూ ఎక్కువ నష్టం చేశాయి. రేటును ఒక్క గెజిట్‌తో మళ్లీ పెంచవచ్చు. జాబితాలోంచి పోయిన పన్ను చెల్లింపుదారును తిరిగి పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

2019లో జీడీపీలో 12 శాతం దగ్గరున్న ప్రభుత్వ ఆదాయం 2021 నాటికి 8 శాతం దరిదాపులకు పడిపోయింది. వచ్చిన ప్రతి 100 రూపాయల్లో 70కి పైగా వడ్డీకే పోయాయి. మిగిలిన దాంతో జీతాలు, పింఛన్లు, ఆసుపత్రులు నడవాలి. నడవవు కాబట్టి కేంద్ర బ్యాంకు నోట్లు అచ్చువేసి ఇచ్చింది. 2020లోనే, అప్పు తీర్చే సత్తాకు ఏజెన్సీలిచ్చే రేటింగ్‌లు పడ్డాయి, కొత్త బాండు కొనేవాడు లేడు. పాత బాండ్ల గడువులు మాత్రం ఆగలేదు. 2020 అక్టోబరులో 100 కోట్లు, 2021 జులైలో 100 కోట్లు, 2022 జనవరిలో 50 కోట్ల డాలర్లు నిల్వల్లోంచే తీసి కట్టారు. 2019 చివర్లో 760 కోట్ల డాలర్లున్న నిల్వలు 2021 చివరికి 310 కోట్లకు తగ్గాయి. అందులోనూ చైనాతో చేసుకున్న స్వాప్ (కరెన్సీల మార్పిడి ఒప్పందం) సొమ్మే సగం దాకా ఉంది, దాన్ని వాడుకునే వీలు లేదు.

2019 ఈస్టర్ పేలుళ్లు, కోవిడ్ పర్యాటకాన్ని దెబ్బతీశాయన్నది నిజమే. 2018లో ఆ రంగం 440 కోట్ల డాలర్లు తెచ్చింది, తర్వాత అది ఎండిపోయింది. కానీ కోవిడ్ ఎన్నో దేశాలను కొట్టింది, అన్నీ దివాలా తీయలేదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించి నవంబరు కల్లా వెనక్కి తీసుకోవడం వరి, తేయాకు రైతుల్ని నిలువునా ముంచింది. దివాలాకు మూలం అది కాదు, మంటలో పోసిన నెయ్యి.

అపోహ: డాలర్ రేటును కట్టడి చేస్తే ధరలు పెరగవు

2021 సెప్టెంబరు నుంచి 2022 మార్చి దాకా డాలర్‌ను 200 రూపాయల చుట్టూ పట్టి ఉంచారు. బ్యాంకులో 200, బయట హుండీలో, అంటే అనధికార మార్పిడిలో, అంతకంటే చాలా ఎక్కువ ఇస్తుంటే గల్ఫ్‌లో పనిచేసే మనిషి ఇంటికి ఎటు పంపుతాడు? 2020లో 710 కోట్ల డాలర్లున్న ప్రవాసుల సొమ్ము 2021లో 550 కోట్లకు, 2022లో 380 కోట్లకు తగ్గింది. వాళ్లు పంపడం మానేశారని దీనర్థం కాదు. చాలా సొమ్ము బ్యాంకు దారి తప్పింది. ఎగుమతిదారులు కూడా డాలర్లు తేవడం వీలైనంత వాయిదా వేశారు.

డాలర్ లేకపోతే బ్యాంకు ఎల్‌సీ (దిగుమతి సరుకుకు డబ్బు చెల్లిస్తామనే హామీ పత్రం) తెరవదు, ఎల్‌సీ లేకపోతే సరుకు దిగదు. 2022 మార్చి 28 నుంచి ఒక పెట్రోలు ఓడ శ్రీలంక జలాల్లోనే లంగరేసి ఉండిపోయింది. అదే సరఫరాదారుకు జనవరి సరుకు తాలూకు 5.3 కోట్ల డాలర్లు బాకీ ఉందని మే నెలలో ఇంధన మంత్రి పార్లమెంటులో చెప్పారు. తీరంలో ఓడ, బంకుల దగ్గర మైళ్ల బారులు. కాగితం దొరక్క పశ్చిమ రాష్ట్రంలో బడిపిల్లల పరీక్షలూ వాయిదా పడ్డాయి. చివరికి పట్టు వదిలాక రూపాయి కొద్ది వారాల్లోనే 360 దాకా జారింది. మెల్లగా జారనిచ్చి ఉంటే దెబ్బ ఇంత ఉండేది కాదు.

అపోహ: ఐఎంఎఫ్ డబ్బిచ్చి గట్టెక్కించింది

2023 మార్చి 20న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) మంజూరు చేసింది 4 ఏళ్లలో సుమారు 300 కోట్ల డాలర్లు. తొలి విడత 33 కోట్లు. 5,100 కోట్ల డాలర్ల విదేశీ అప్పు ముందు అదెంత? దాని విలువ డబ్బులో లేదు, అప్పులవాళ్లందరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టడంలో ఉంది. అంతకుముందు 2022లో ప్రాణం నిలిపింది భారత్ ఇచ్చిన సుమారు 400 కోట్ల డాలర్ల సాయం: ఇంధనానికి, ఆహారం, మందులకు రుణం, స్వాప్, చెల్లింపుల వాయిదా.

భారం మోసింది జనమే. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి. వ్యాట్ 2024 జనవరికి 18 శాతమైంది. దేశీయ అప్పు సర్దుబాటులో బ్యాంకుల్ని వదిలేసి కార్మికుల పీఎఫ్ దగ్గరున్న బాండ్ల వడ్డీ తగ్గించారు. బ్యాంకులు కూలితే ఇంకా ప్రమాదమన్న వాదనలో బలం ఉంది. అయినా పన్ను రాయితీ తిన్నది ఒకరు, పీఎఫ్ వడ్డీ కోల్పోయింది మరొకరు. ఇది అన్యాయమే.

అపోహ: మన రాష్ట్రమూ శ్రీలంక అవుతుంది

ఆంధ్రప్రదేశ్ మీదా, తెలంగాణ మీదా ఈ మాట అంటూనే ఉన్నారు. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు తేవాలి. మంగళవారాల్లో ఆర్‌బీఐ వేలం వేసే బాండ్లు రూపాయల్లోనే ఉంటాయి. రాష్ట్రానికి సొంత కరెన్సీ లేదు, నోట్లు అచ్చువేసే అధికారమూ లేదు. అప్పంతా రూపాయల్లోనే కాబట్టి డాలర్ల కరువు రాదు.

రాష్ట్రం చితికితే అది వేరేలా కనిపిస్తుంది. ముందు కాంట్రాక్టర్ల బిల్లులు పెండింగ్ పడతాయి, తర్వాత జీతాలు ఒకటో తేదీ దాటుతాయి, ఆ తర్వాత ఆర్‌బీఐ దగ్గర చేబదుళ్లు, ఓవర్‌డ్రాఫ్ట్. ఓవర్‌డ్రాఫ్ట్ వరసగా 14 పనిదినాలు దాటితే ఆర్‌బీఐ చెల్లింపులు ఆపేయవచ్చు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నెలవారీ లెక్కల్లో మొత్తం అప్పు అంకె ఒక్కటే చూసి వదిలేయకండి. రెవెన్యూ రాబడిలో వడ్డీకి ఎంత పోతోందో, ఆ ఏడాది అప్పులో ఆస్తుల మీద పెట్టింది ఎంతో చూడండి. ఆ పైన బడ్జెట్ పత్రాల్లో కార్పొరేషన్లకూ డిస్కంలకూ (కరెంటు పంపిణీ సంస్థలకు) ఇచ్చిన గ్యారంటీల పట్టిక తీయండి. అసలు బాకీ చాలాసార్లు దాక్కునేది అక్కడే.